చమేలీ పిల్ల చెవులు

1976 మే నెలలో ఒక పొద్దున. తిరువూరు బస్టాండు వెనక జట్కా ఖాదర్‌బాషా గారి గుర్రపుసాల. మిలిటరీలో పదమూడేళ్ళు కంచరగాడిదలు తోలివచ్చి, ఇప్పుడు పన్నెండెకరాల మెట్టతో కుస్తీ పడుతున్న అంకారావు, తెల్లవారుజామున జట్కా గుర్రం చమేలీకి పుట్టిన పిల్ల ముందు గొంతుక్కూచుని ఉన్నాడు. పక్కన బాషాగారి కొడుకు నిస్సార్. అంకారావు 'బాబాయ్' అని పిలిచే పెద్దాయన నమాజు చేసుకుని, టీ తాగి ఏ క్షణంలోనైనా రావచ్చు.

"మళ్ళీ కొలువన్నా."

"ఎన్నిసార్లు కొలిచినా జానెడుకి వేలెడు తక్కువే నిస్సారూ. కొలిస్తే తగ్గుతాయా చెవులు?"

"పుట్టినప్పుడు అన్నీ పొడుగ్గానే ఉంటాయిగా. కాళ్ళు పొడుగు, మెడ పొడుగు... గుర్రప్పిల్లక్కూడా ఇంతే ఉంటాయేమో."

"పదమూడేళ్ళు చూశాన్రా ఈ చెవుల్ని. కాశ్మీరు కొండల్లో పొద్దున్నే కళ్ళు తెరిస్తే మొదట కనపడింది ఇవే. మా ఆవిడ మొహం కూడా అన్నిసార్లు చూసుండను. ఇది కంచరగాడిదే. ఆడపిల్ల. ఎంత బావుందో చూడు!"

"బావుందా? ఇక్కడ నా ప్రాణం పోతుంటే!"

"బావుందిరా మరి. కావాలనే కదా చేశాం. ఏడాదిపాటు ఇదే పుట్టాలని మొక్కుకున్నాం. తీరా పుట్టాక ఏడుపేంటి?"

"మా అబ్బకి తెలియకుండా పుట్టాలని మొక్కుకున్నాం. ఆ ముక్క మర్చిపోయావు."

"చెవులున్నాక తెలియకుండా ఎట్టా పుడుతుందిరా?"

"ఈ మాట అప్పుడు అనాల్సింది."

"తట్టలా. నా బుర్రంతే. పని అయ్యేదాకా ఒకవైపే చూస్తుంది. మిలిటరీలో చేరేటప్పుడూ అంతే. తుపాకీ ఇస్తారనుకుని సంతకం పెట్టా. పగ్గం చేతికిచ్చారు."

"ట్యాంకు తోలానని ఊళ్ళో చెప్పావంటగా?"

"మొదటిసారి సెలవుకొచ్చినప్పుడు చెప్పా. పెళ్ళి కావాల్సినోణ్ణి. కంచరగాడిద పగ్గం పట్టుకుంటానంటే పిల్లనెవరిస్తారు? పెళ్ళయిన రెండేళ్ళకి శివపార్వతికి నిజం చెప్పా. ఆవిడ నవ్వీ నవ్వీ ఎక్కిళ్ళు పట్టి, ఆ పూట అన్నం కూడా వండలా. ఇప్పటికీ నేనేదన్నా గొప్పలు చెప్పబోతే, 'ట్యాంకు దిగండి' అంటుంది."

"అన్నా, నవ్వించమాకు. ఆయనకేం చెప్పాలో ఆలోచించు."

"చెప్పిందే చెప్దాం. చమేలీకి చూలు బయటపడినప్పుడు ఏం చెప్పాం? మామిడికాయల బాడుగకని విస్సన్నపేట పోతే అక్కడెవరిదో మగగుర్రం తాడు తెంచుకుని మీదికొచ్చిందన్నాం. ఇది దాని పిల్ల. అంతే."

"ఆ గుర్రం పిల్లకి గాడిద చెవులెట్టా వచ్చాయి అంటే?"

"దూరపు చుట్టాల పోలిక అంటాం."

"అన్నా!"

"సరే సరే. అసలు ఆ మాట చెప్పినప్పుడు బాబాయ్ ఏమన్నాడు?"

"'ఊ' అన్నాడు. అంతే. నమ్మాడు పాపం."

"నమ్మాడంటావా?"

"నమ్మకపోతే నేనీపాటికి బతికుంటానా? నువ్వు ఆ బసవపున్నయ్య మగగాడిదని చమేలీకి కట్టిద్దామని అడిగినప్పుడల్లా ఏమన్నాడాయన? 'మా తాత దివాణంలో గుర్రాలు చూసినోడు, బట్టలమూటలు మోసే గాడిద నా సాల గడప తొక్కాలంటే ముందు నా జనాజా లేవాలి' అన్నాడు. ఏడుసార్లు అడిగావు, ఏడుసార్లూ అదే మాట."

"ఎనిమిది. రంజాన్ పండక్కి మీ ఇంట్లో సేమ్యా తింటూ ఒకసారి అడిగా. గిన్నె చేతిలోంచి లాక్కున్నాడు. సగమే తిన్నా."

"అంత అవమానం జరిగాక కూడా వదల్లా నువ్వు."

"ఎట్టా వదులుతాన్రా? నా బతుకు నీకు తెలియంది కాదు. ఒక ఎద్దు చచ్చిపోయింది. ఇంకో ఎద్దు కొనకుండా, తెలివిగలవాణ్ణి కదా, సికింద్రాబాదులో మిలిటరీవాళ్ళు ముసలిదని వేలం వేస్తే ఈ సుబేదారుని, ఓ కంచరగాడిదని, కొన్నా. పన్నెండు రోజులు నడిపించుకొచ్చా. నేను దాన్ని నడిపించానో, అది నన్ను నడిపించిందో! ఊళ్ళోకి రాగానే మిగిలిన ఎద్దు పక్కన కాడి కట్టా."

"చూశాగా. పెనుగొలను నించి కూడా జనం వచ్చారు చూడ్డానికి."

"రారూ మరి! సుబేదారు రెండడుగులేస్తే మా ఎద్దు ఒకటేస్తుంది. నాగలి గుండ్రంగా తిరిగింది. ఎంత ఆపినా తిరిగింది. మధ్యాహ్నం బువ్వ తెచ్చిన శివపార్వతి పొలం చూసి, 'దున్నమంటే ముగ్గేశారేంటండీ' అంది."

"ఎద్దుకి ఎద్దునే కొనొచ్చుగా అన్నా మరి?"

"కొంటే సుబేదారు ఒంటరిదవుతుంది. అమ్ముదామంటే, ముసలి కంచరగాడిదని ఎవరు కొంటారు? దానికి దాని జాతిదే జోడీ కావాలి. నాలుగెకరాలు దున్ని, రెడ్డిగూడెం తోటల్లో కాయ నింపుకుని మళ్ళీ సాయంత్రానికి తిరువూరు రావాలంటే ఎద్దుల వల్ల అవుతుందా? ఇవైతే అలసటంటే ఏంటని అడుగుతాయి. శివపార్వతి ఒకటే పట్టు, 'అంత కావాలంటే మీ సుబేదారుకి ఓ పెళ్ళాన్ని తెండి, అవే కంటాయి' అని. కంచరగాడిదకి పిల్లలు పుట్టరే పిచ్చిదానా, ప్రతిసారీ గుర్రం కావాలి, గాడిద కావాలి అన్నా. 'మధ్యలో మీరెందుకు?' అంది."

"వదిన సరిగ్గానే అడిగింది."

"ఆఁ, నాదాకా వచ్చేసరికి అందరూ సరిగ్గానే అడుగుతారు. పట్టు, పట్టు, లేస్తోంది! కాళ్ళు నిలదొక్కుకుంటోంది చూడు. నువ్వు పట్టుకోమాకు, దాన్నే లేవనీ. అద్దీ! మా తల్లే! గంటన్నరకే నిలబడిందిరా!"

"నిలబడితే చెవులు ఇంకా పెద్దగా కనపడుతున్నాయన్నా."

"అవును. పడుకోబెడదామా?"

"లేచినదాన్ని ఎట్టా పడుకోబెడతాం? తువ్వాలిటివ్వు. తలకి కట్టేద్దాం."

"ఏమని చెప్దాం?"

"చలని."

"మే నెల్లోనా? నా గుడ్డలు ఒంటికి అంటుకుపోతున్నాయి ఇక్కడ."

"దిష్టని చెప్దాం. సరేనా? దిష్టి ఎప్పుడైనా తగులుతుంది."

"ఇది బావుంది. కట్టు. చెవులు రెండూ వెనక్కి మడిచి... మడతపడుతున్నాయా?"

"ఒకటి మడిస్తే ఇంకోటి లేస్తోంది. ఇదేంటన్నా, ఇదేంటి ఈ అరుపు?"

"కంగారుపడమాకు. మొదలు వాళ్ళమ్మది, చివర వాళ్ళ నాన్నది. మధ్యలో కాస్త ఆగింది చూశావా, అక్కడే మారింది."

"చచ్చాం. చెవులు కట్టగలం గానీ నోరెట్టా కడతాం?"

"పిన్ని చూసిందా దీన్ని?"

"అమ్మే ముందు చూసింది. దీపం పట్టుకుంది. ఏమీ అనకుండా లోపలికెళ్ళి పొయ్యి వెలిగించింది."

"ఏమీ అనలేదంటే మంచిదా, చెడ్డదా?"

"మా అమ్మ సంగతి ముప్ఫయ్యేళ్ళు కాపురం చేసిన మా అబ్బకే తెలియదు. నాకేం తెలుస్తుంది? అసలు సంగతి అది కాదన్నా. మంచి గుర్రప్పిల్ల పుడితే ఇంకో పదేళ్ళు జట్కా తోలుకుందాం, లేకపోతే బెజవాడలో మీ మామూ లారీ షెడ్డుకి పంపించేస్తా అన్నాడు అబ్బ. నిక్కర్లు నూనెలో నానబెట్టుకుని ఆ లారీల కింద పడుకోవడం నావల్ల కాదు. నాకు ఈ చమేలీ, నీ సుబేదారు, ఈ గడ్డివాసనే తెలుసు."

"నువ్వు బెజవాడ పోతే నా పని కూడా అయిపోయినట్టే కదరా. మా పాలేరు జోజప్ప 'హై, హై' అని అరిస్తే సుబేదారు నిలబడి వాడి మొహంలోకి చూస్తుంది. నువ్వు 'చలో బేటా' అంటే కదులుతుంది. మిలిటరీలో హిందీ తిని పెరిగింది అది. నాది పదమూడేళ్ళ హిందీ. నేను నోరు తెరిస్తే దానికి నవ్వొస్తుంది. నువ్వు లేకపోతే పొలం కౌలుకిచ్చేసి ఇంట్లో కూచోవడమే."

"మరి నీకు భయం వెయ్యట్లేదా? నవ్వుతూ కూచున్నావు."

"భయమెందుకు లేదురా. పిల్లని చూస్తే లేదు. బాబాయ్ మొహం ఎట్టా చూడాలా అని ఉంది. మా నాన్న పోయేటప్పుడు నేను ఏడువేల అడుగుల ఎత్తున మంచులో ఉన్నా. సెలవు దొరకలా. మా నాన్నని జట్కాలో పడుకోబెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళింది మీ అబ్బ. నాకు తంతి కొట్టించింది మీ అబ్బ. పాడె మోసింది మీ అబ్బ. అట్టాంటి మనిషి దగ్గర అబద్ధమాడాన్రా నేను, ఒక గాడిద కోసం. ఏడాదినించీ ఆయన ఎదురొస్తే పక్క సందులోకి తిరుగుతున్నా. ఇంకా నయం, తిరువూరులో సందులు ఎక్కువ."

"వస్తున్నాడు! చెప్పుల చప్పుడు!"

"ఎంతమంది?"

"ఈనితే పిల్లని చూపించడానికి మొహిద్దీన్ చాచాని కూడా తీసుకొస్తా అని వెళ్ళాడన్నా."

"అయిపోయింది. ఇంక ఊరంతా తెలుస్తుంది. తువ్వాలు గట్టిగా కట్టు."

తడిక తోసుకుని ఖాదర్‌బాషా గారు లోపలికి వచ్చారు. ఒక్కరే.

"ఏరా, ఈనిందా?"

"ఈనింది అబ్బా."

"మావి పడిందా?"

"పడింది. పాతిపెట్టాం."

"మంచిది. ఏంట్రా అంకారావూ, కవాతుకొచ్చినట్టు అట్టా నిటారుగా నిలబడ్డావు? కూచో."

"పర్లేదు బాబాయ్. నిలబడే ఉంటా."

"మొహిద్దీన్ చాచా రాలేదా అబ్బా?"

"రావద్దన్నా. బాలింత దగ్గర సంతేంటి? పిల్ల తలకి ఆ తువ్వాలేంటి?"

"చలి అబ్బా."

"దిష్టి బాబాయ్."

"చలా, దిష్టా?"

"రెండూ బాబాయ్. చలికి దిష్టి... దిష్టికి చలి..."

"ఊ. ఆ విస్సన్నపేట గుర్రం ఏ రంగన్నారు?"

"నల్లది అబ్బా."

"తెల్లది బాబాయ్."

"నలుపా, తెలుపా?"

"నల్లదే బాబాయ్. కాయలు తోలేటప్పుడు దుమ్ము కొట్టుకుపోయి కొంచెం తెల్లగా..."

"నీ మొహం. తియ్యి తువ్వాలు."

"బాబాయ్, ముందు నా మాట కొంచెం..."

"తియ్యమన్నానా!"

"తీశా బాబాయ్."

"ఊ."

"బాబాయ్... ఏదో ఒకటి అను. తిట్టు. కొట్టు. అట్టా ఊకొట్టి ఊరుకోమాకు."

"ఏమనమంటావు? చెవులు చెప్తూనే ఉన్నాయిగా."

"తప్పంతా నాది బాబాయ్. వీడు వద్దనే అన్నాడు."

"లేదబ్బా, నేనూ సరేనన్నా."

"నువ్వు ఊరుకోరా. విస్సన్నపేట లేదు, మగగుర్రం లేదు. పోయినేడు మామిడికాయల్లో, ఒక శుక్రవారం, నువ్వు జుమ్మా నమాజుకి వెళ్ళావు. చమేలీ ఎదలో ఉంది. ఆ పూట తప్పితే మళ్ళీ కుదరదని బసవపున్నయ్య దొడ్లోకి తోలుకెళ్ళాం. వాడి గాడిదేమో పొట్టి, మన చమేలీ పొడుగు. గొయ్యి తవ్వి చమేలీని అందులో నిలబెట్టాం. గొయ్యి కూడా నేనే తవ్వా. ఆ పాపం కూడా వీడికి లేదు."

"ఎంత లోతు తవ్వావు?"

"ఏంటి బాబాయ్?"

"గొయ్యి ఎంత లోతు అంటున్నా."

"మూరెడు."

"చాలదే."

"చాల్లేదు బాబాయ్! మళ్ళీ తవ్వా. ఈలోగా గాడిదకి కోపమొచ్చి పడుకుంది. బెల్లం పెట్టా. బెల్లమంతా తిని, లేచి, నన్ను తన్నింది. నేను నెల్లాళ్ళు కుంటింది అందుకే. శివపార్వతికేమో మామిడిచెట్టు మీంచి పడ్డానని చెప్పా. కాపు కాయని చెట్టు ఎందుకెక్కారండీ అంది."

"రెండు మూరలు తీయాలి. అదీ వెనక కాళ్ళ కాడ. ముందు కాళ్ళు మెరక మీద ఉండాలి. మా తాత అట్టాగే తీయించేవాడు."

"తాతా? ఆయన దివాణంలో గుర్రాలు కదా చూసింది అబ్బా?"

"గుర్రాలూ ఉండేవి. రెండు. మిగిలినవి పదిహేనూ ఇవే. దివాణం వడ్లబస్తాలు అరబ్బీ గుర్రాలు మోశాయనుకున్నావా?"

"మరి నాకెప్పుడూ చెప్పలేదే!"

"మీ అమ్మని చూడ్డానికి పోయినప్పుడు గుర్రాలని చెప్పా. కంచరగాడిదలని చెప్తే పిల్లనిస్తారా? ఒకసారి చెప్పాక అదే ఖాయమైపోయింది. నేనే నమ్మేశా కొన్నాళ్ళకి."

"బాబాయ్! మరి ఎనిమిదిసార్లు అడిగితే ఎందుకు కాదన్నావు? సేమ్యా గిన్నె కూడా లాక్కున్నావే!"

"నువ్వడిగినప్పుడల్లా స్టాండులో నలుగురి మధ్య అడిగావు. పండగనాడు ఇంటినిండా చుట్టాలున్నప్పుడు అడిగావు. గుర్రాల ఖాదర్‌బాషా అందరి ముందూ సరే, గాడిదని తెండి అనాలా? నన్నడిగితే నేను కాదనాల్సిందే. అడక్కుండా చేసుకుపోతే నాదేముంది?"

"అడక్కుండా... అంటే? నీకు ముందే తెలుసా?"

"తెలివి తక్కువ వెధవల్లారా. మసీదు ముందునించే కదరా తోలుకెళ్ళారు చమేలీని. ఇద్దరూ దొంగల్లా వంగి. నేను కాళ్ళు కడుక్కుంటూ చూస్తున్నా. గుర్రాన్ని తిప్పుకురావడానికి పోయేవాడికి భుజాన పారెందుకు?"

"పార! అన్నా, పార నువ్వే మోశావు!"

"నేనేరా. చెప్పాగా, నా బుర్ర ఒకవైపే చూస్తుందని. బాబాయ్, ఏడాదినించీ తెలిసి కూడా... నేను నీకు మొహం చాటేసి సందులన్నీ తిరుగుతున్నానే!"

"చూస్తూనే ఉన్నా. నీకు కాస్త నడక మంచిదేలే అనుకున్నా. ఆ పిల్లని ఇటు తిప్పు, పొదుగు దొరకట్లేదు దానికి. ఊ, అట్టా. తాగుతోంది."

"అబ్బా, మరి నన్ను బెజవాడ పంపుతానన్నది?"

"గుర్రప్పిల్ల మాట నాకేం తెలియనట్టు ఉండాలని అన్నా. బెజవాడ మాట నిజమే, ఏంచెయ్యను? స్టాండులో ఇరవై బళ్ళుండేవి, నాలుగు మిగిలాయి. బస్సు దిగినోడు రిక్షా వంక చూస్తాడు. గుర్రప్పిల్ల పుట్టినా దాన్ని ఏ బండికి కడతావు? దీన్నైతే పొలానికి కట్టొచ్చు, కాయబండికి కట్టొచ్చు. మూడేళ్ళు మేపితే అంకారావు ముసలిదానికి జోడీ అవుతుంది. నువ్వు పొద్దున పోయి సాయంత్రానికి ఇంటికొస్తావు. నాకంతకన్నా ఏం కావాలి?"

"బాబాయ్, నాకు నోట మాట రావట్లేదు."

"నీకా? వింతే. సరే, ఒకటి చెప్పు. గొయ్యి రెండుసార్లు తవ్వి, బెల్లం పెట్టి, తన్నులు తిని, మొత్తం ఎంతసేపు పట్టింది?"

"రెండున్నర గంటలు పట్టుంటుంది."

"జుమ్మా నమాజు ఎంతసేపురా నిస్సారూ?"

"ముప్పావుగంట అబ్బా."

"మరి నేను ఇంటికెప్పుడొచ్చాను?"

"మేమొచ్చి... చమేలీకి నీళ్ళు పెట్టి, కట్టేశాక."

"మసీదులోంచి అందరూ వెళ్ళిపోయారురా, నేనొక్కణ్ణే కూచున్నా. తాళాలు వేసే ఆయన రెండుసార్లొచ్చి అడిగాడు, 'ఇంకా ఏం దువా చేస్తున్నావు బాషా భాయ్, ఆకలెయ్యట్లేదా?' అని. నా కొడుకు ఊరొదిలి పోకుండా ఉండాలి, అందుకు ఈ అంకారావు తవ్వే గొయ్యి లోతు సరిపోవాలి అని అడుగుతున్నానని, ఆయనకెట్టా చెప్పనురా?"